గొర్రెల వావివరసలు

డొక్కలో రెండు దెబ్బలు వేస్తే గానీ ఆ కంప్యూటర్ లేవదు. కురుమయ్య మూడోది కూడా వేశాడు. ఉద్యోగంలో ఆఖరి రోజు కదా, ఒకటి ఎక్కువ. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు రాగానే, గుండీ ఊడిన చొక్కాను పొట్ట మీదికి లాక్కుని రెండు చూపుడువేళ్లతో టకటకలాడించసాగాడు.

కేతేపల్లి గొర్రెల పెంపకందార్ల సంఘంలో ఆయన ఆపరేటర్. ఏ గొర్రె ఏ పొట్టేలు బిడ్డో, దేనికి దేన్ని జత కట్టించకూడదో చెప్పే ప్రోగ్రాం ఆయన సొంతంగా రాసిందే. గొర్రెలకు వావివరసలేమిటని నవ్వినవాళ్లంతా, వంకర కాళ్ల పిల్లలు పుట్టాక నోరు మూసుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. ఇరవై ఏళ్ల వంశాలున్నాయి అందులో. నోటితో చెప్పగలిగిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఇక ఇదీ పోతే ఎలా అన్నదే కురుమయ్య భయం.

సంఘం అధ్యక్షుడు దామోదర్ వారం కిందట పట్నం నుంచి కొత్త కంప్యూటర్ తెచ్చాడు. విప్పి చూద్దామంటే దాని మీద ఒక్క మరమేకు కూడా కనబడదు.

"ఇది ఖరాబైతె కేతేపల్లిల బాగుచేస్తరా?" అన్నాడు కురుమయ్య.

"కంపెనీకి పంపాలె కాకా. గిసొంటిది జిల్లాల ఇంకొకటి లేదు!"

"గదే నా ఫికరు. గొప్పది నాకెందుకు బిడ్డా, ఊరంత దొరికేది కావాలె."

ఈ తెలివి కంప్యూటర్ చదువుతో వచ్చింది కాదు. తల్లి బక్కమ్మ గొర్రెలన్నిటినీ ఏనాడూ ఒక్క మందలో ఉంచలేదు. రోగమొస్తే అన్నీ ఒక్కసారే పోకుండా చుట్టాల మందల్లో నాలుగేసి కలిపేది. కురుమయ్యా అదే చేశాడు. ఏ డొక్కు కంప్యూటర్‌లోనైనా నడిచేలా ప్రోగ్రాం రాశాడు. మొదటిసారి ఐదు సీడీల్లోకి ఎక్కించి ఇంట్లో పెడితే, బక్కమ్మ కత్తెర తీసుకుని గొర్రె చెవికి పెట్టినట్టే ఐదింటి అంచుకూ గంటు పెట్టింది. తప్పిపోయినా తమవేనని తెలియాలిగా! ఒక్కటీ నడవలేదు. కురుమయ్య నెత్తి కొట్టుకుని మళ్లీ ఐదు చేశాడు, ఈసారి తల్లి కంటబడకుండా పంచాడు.

మధ్యాహ్నం, వీడ్కోలు దండ వచ్చేలోపే, పాత కంప్యూటర్ చిన్నగా మూలిగి ఆగిపోయింది. ఎన్ని దెబ్బలు వేసినా లేవలేదు.

"ఆగమైపోయినం కాకా! కొత్తదాంట్ల ఇంకేం ఎక్కియ్యలే, రేపు పొట్టేళ్లను మందల విడువాలె!" దామోదర్ మొహం మాడిపోయింది.

"జర నడువు," అంటూ కురుమయ్య రోడ్డు దాటాడు.

ఎదురుగా భిక్షపతి పెళ్లిపత్రికల దుకాణం. అక్కడి కంప్యూటర్ చనిపోయినదానికి తోబుట్టువులా ఉంది. భిక్షపతి సగం తయారైన పత్రిక పక్కకు జరిపి మీట నొక్కాడు. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

"శనివారం శనివారం కాక వచ్చి కొత్తయి ఎక్కిచ్చిపోతడు," అన్నాడు. "ఫొటో స్టూడియోల గిట్లనే ఉన్నది, జిరాక్సుకాడ ఉన్నది. మనుషుల లగ్గాలు, గొర్రెల లగ్గాలు అన్నీ నా తాన్నే!"

దామోదర్ తెర మీదికి వంగి రేపటి పొట్టేళ్ల వరసలు చూసుకున్నాడు. "మరి ఇగ శనివారం ఎవరు తిరగాలె?"

"నీకు కాళ్లు లేవా?" అన్నాడు కురుమయ్య.

దామోదర్ తలూపాడు. కురుమయ్య గుండె తేలికపడింది. ఆఫీసుకు తిరిగొచ్చి దండ వేయించుకుని, దాన్ని సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి పెడల్ మీద కాలు వేశాడు.

"కాకా! గోడకున్న సీడీ మరిచిపోయినవ్!" వెనక నుంచి కేకేశాడు దామోదర్.

"ఉండనీ. మా అమ్మ పోయినంక గదొక్కటే మిగిలింది. అది నడవది గని, మందకు గుర్తుండాలె గదా."

సైకిల్ మలుపు తిరిగింది. ఆగిపోయిన కంప్యూటర్ పైన, గోడ మేకుకు, అంచున గంటు పడిన సీడీ ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతోంది.