పళ్లు కుదిరిన రోజు

పళ్లకట్టు అంచును ఆకురాయితో మరోసారి అరగదీసి, నీళ్లలో ముంచి, బాలనర్సింహ నోట్లో పెట్టాడు ఫాంగ్. అచ్చుల సుద్ద తిని పగిలిపోయిన బొటనవేలితో చిగురు మీద నొక్కి చూశాడు. అఫ్జల్‌గంజ్‌లోని ఈ ఇరుకు దుకాణంలో ఇరవై రెండేళ్లుగా, పళ్లు పెట్టించుకున్న ప్రతివాళ్లచేతా అతడు అనిపించే మాట ఒకటుంది.

"లాల్‌దర్వాజా అను."

"లాల్‌దర్వాజా," అన్నాడు పాల బాలనర్సింహ. పళ్లు కదల్లేదు.

ఫాంగ్ ఉండేది లాల్‌దర్వాజాలోనే, బాలనర్సింహ బర్రెల కొట్టం పక్క గదిలో. పుట్టింది చైనాలో. అక్కడ ఇప్పుడతని ఉత్తరం అందుకునే ప్రాణి లేదు. భార్య రుక్మాబాయిని ఈ మూసీ ఒడ్డునే దహనం చేశాడు. అయినా యుద్ధం వచ్చిపడ్డాక, బయటివాళ్ల మీద నిఘా పెట్టిన సర్కారు కచేరీవాళ్లకు అతడెవరో తేల్చవలసిన అవసరం పుట్టుకొచ్చింది. ఈ రాజ్యం మనిషేనని ముల్కీ కాగితం తెచ్చుకోవాలి, లేదా పది రోజుల్లో ఊరు విడవాలి. పక్కింటి మగవాడొకడు గవాహీ చెప్పి సాక్షి సంతకం పెడితే చాలట.

"నడువు భాయ్. నేను చెప్పకుంటే ఎవలు చెప్తరు?" అన్నాడు బాలనర్సింహ. ఫాంగ్ ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

కచేరీలో గుమాస్తా తలెత్తలేదు. "రేపు ఈన ఏం జేసినా జిమ్మేదారి నీదే. దస్తఖత్ చేస్తవా?"

బాలనర్సింహ చూపు గోడ మీదికి పోయింది. "ఏమో సాబ్. పక్కింట్ల ఉంటడు, గంతే. యాడికెల్లొచ్చిండో, ఎసొంటోడో నాకేం ఎర్క."

ఎంత స్పష్టంగా అన్నాడు మహానుభావుడు! నాలుగు నెలలు బోసినోటితో గంజి తాగిన మనిషికి ఒక్క అక్షరమైనా జారలేదు. అంత కోపంలోనూ, నా పాడు చేతులు పళ్లు బాగా కుదిర్చాయే అనుకున్నాడు ఫాంగ్.

మెట్లు దిగుతుంటే బాలనర్సింహ గొణిగాడు. "పిల్లలు గలోణ్ణి భాయ్. ఏమనుకోకు."

"పండ్లు గుచ్చుకుంటున్నయా?"

"లే."

"పండుకునేటప్పుడు తీసి నీళ్లల్ల వెయ్యి."

ఫాంగ్ దుకాణానికి తిరిగొచ్చి, పళ్లు పెట్టించుకునేవాళ్ల కుర్చీలో కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు పక్క అత్తరు కొట్టు షౌకత్ బీ వచ్చి పిలిస్తే ఫాంగ్ పలకలేదు. ఆమె తట్టి చూస్తే అతని ఒళ్లు చల్లబడి ఉంది.

ఠాణా జవాను వచ్చి, చనిపోయినవాడి వివరాలు రాయడానికి కాగితం తీశాడు. "ఈన ఊరేది?"

షౌకత్ బీ నోట్లోవీ ఫాంగ్ చేసిన పళ్లే. ఆమెను కచేరీకి ఎవరూ పిలవలేదు.

"లాల్‌దర్వాజా," అందామె.

జవాను ఆమె మొహం వంక చూసి, 'పరదేశి' అని రాసుకున్నాడు.

శవాన్ని తీసుకుపోయారు. బల్ల మీద బాలనర్సింహ పళ్లకు పోసిన సుద్ద అచ్చు నోరు తెరుచుకుని ఉంది.