కలం మీద చెయ్యి

మూడో దెబ్బ మళ్ళీ ఆలస్యమైంది. సీవెర్ తన కర్రను గాలిలోనే ఆపుకొని పక్కకు ఉమ్మేశాడు.

"గింజలు నా నెత్తిమీద రాలుస్తావా ఏంటి పిల్లా? నేను కొట్టాక వాడు, వాడు కొట్టాక నువ్వు. మూడు దాకా లెక్క రాదూ నీకు?"

"వస్తుంది మామా," అంది పెర్నిల్లె.

మళ్ళీ మొదలుపెట్టారు. ముగ్గురు ఎదురెదురుగా నిలబడి, పొడుగు పిడికి తోలుతో వేలాడదీసిన కర్రలతో ఒకరి తర్వాత ఒకరు రై ధాన్యం పనలను కొట్టే నూర్పిడి అది. తాళం తప్పితే కర్ర కర్రకైనా తగులుతుంది, తలకాయకైనా తగులుతుంది. సీవెర్ ముసలివాడు, పక్క గుడిసె వాడు. రెండో కర్ర పట్టినవాడు కొత్తగా చేరిన జీతగాడు, నోరు విప్పి మాట్లాడే రకం కాదు. మూడో కర్ర పెర్నిల్లె మొగుడు గుల్‌బ్రాండ్‌ది. అతన్ని పూడ్చిపెట్టి తొమ్మిది రోజులైంది.

మొగుడు పోయినవాళ్ళకు ఇంకొన్నాళ్ళు ఇంట్లో కూర్చునే వీలు ఎక్కడైనా ఉందేమో గాని, వెస్ట్‌గార్డ్ ఆసామి పొలంలో లేదు. ఇక్కడ కట్టుబడి మనిషిది కాదు, చోటుది. బ్రోటెన్ అనే ఆ గుడిసె, దాని చుట్టూ ఉన్న బంగాళాదుంపల చెక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు వారానికి నాలుగు రోజులు ఆసామికి పని చెయ్యాలి. చలికాలం రోజుకు ఆరు స్కిల్లింగులు, రెండు పూటలా సంకటి. పౌను కాఫీ గింజలు కొనాలంటే నాలుగు రోజులు కర్ర తిప్పాలి. మగమనిషి పోతే ఆడమనిషి వస్తుంది. ఆడమనిషికీ ఆరే ఇస్తారా, నాలుగిచ్చి సరిపెడతారా అన్నది ఇంకా తేలలేదు. అడగడానికి పెర్నిల్లెకు నోరు రాలేదు. నోరే కాదు, ఈ తొమ్మిది రోజులుగా ఆమెకు ఏదీ సరిగ్గా రావడం లేదు, ఏడుపుతో సహా.

గుల్‌బ్రాండ్ పోయింది కూడా కట్టుబడి రోజునే అనాలి. సరస్సు మీద మంచు ఇంకా గట్టిపడకముందే ఆసామి దుంగల బండిని దాని మీదుగా తోలమన్నాడు. మంచు విరిగింది. ఒడ్డున ఉన్నవాళ్ళు ముందు గుర్రాన్ని లాగారు, తర్వాత గుల్‌బ్రాండ్‌ను లాగారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. గుర్రం నలభై దాలర్ల గుర్రం, అంటే ఎనిమిది వందల రోజుల కూలి, పైగా అది అరుస్తోంది. గుల్‌బ్రాండ్ అరవలేదు. గడ్డకట్టిన బట్టలతో కర్రలా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు, ఐదో రోజుకు రొమ్ము పట్టేసి పోయాడు. శవం పెట్టెకు పలకలు ఆసామే ఇచ్చాడు. దినానికి సారా కాచుకోమని బస్తాడు మొలక బార్లీ కూడా పంపించాడు. ఊరంతా మెచ్చుకుంది.

కొట్టం తలుపు తెరుచుకుంది. తెల్లటి వెలుతురు, దాంతోపాటు చలి లోపలికొచ్చాయి. గుమ్మంలో ఏవెన్ వెస్ట్‌గార్డ్ ఆసామి నిలబడి ఉన్నాడు.

"పెర్నిల్లె, లోపలికి రా. కచేరీ అమీనుగారు వచ్చి కూర్చున్నారు."

"ఈ వరస అయిపోనీండి దొరా," అన్నాడు సీవెర్ ఆమె తరపున.

"వరస పారిపోదు. ఆయనకు ఇంకా రెండు ఊళ్ళున్నాయి."

ఆసామి వెళ్ళాక పెర్నిల్లె కర్రను గోడకు ఆనించి చేతులు దులుపుకుంది. ఈ పిలుపు వస్తుందని ఆదివారం నుంచే తెలుసు. సీవెర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం ఆలోచించకు. తాకు, వచ్చెయ్. నేను తాకలా? నా వేలేమన్నా ఊడిపోయిందా?" అంటూ పది వేళ్ళూ ఆమె మొహం ముందు ఆడించాడు. వాటిలో ఒకటి ఏనాడో గడ్డి కోసే కత్తికి సగం తెగిపోయినది. అది గుర్తొచ్చి తనే నవ్వేశాడు. "ఇది వేరే. ఇది దొరగారి కత్తికి పోయింది, కలానికి కాదు."

సంగతి ఇది. పోయిన చలికాలం కూలివాళ్ళ సంఘం వాళ్ళు ఊరూరా తిరిగి రాజుగారికి ఒక అర్జీ రాయించారు. గుడిసెవాళ్ళను నోటిమాట మీద వెళ్ళగొట్టకుండా కాయితం ఉండాలని, పొలం లేనివాడికి కూడా ఓటుండాలని, పిల్లలకు సరైన బడి ఉండాలని అందులో ఉంది. దేశం మొత్తం మీద పన్నెండు వేలమందికి పైగా పేర్లు పెట్టారు. నవంబరులో రాజుగారి జవాబొచ్చింది. కుదరదన్నారు. ఇక అప్పటినుంచి ఆసాములకు ధైర్యం వచ్చింది. తమ గుడిసెవాళ్ళలో ఎవరెవరు పేరు పెట్టారో ఆరా తీసి, వెనక్కి తీసుకోమని కూర్చోబెట్టారు. వెస్ట్‌గార్డ్ పొలం మీద నలుగురు పెట్టారు, ముగ్గురు వెనక్కి తీసుకున్నారు. నాలుగోవాడు గుల్‌బ్రాండ్. "చూద్దాం దొరా" అంటూ నెట్టుకొచ్చి, చివరికి చచ్చిపోయాడు.

వీళ్ళలో అచ్చు చదవడం రానివాళ్ళు లేరు. పాస్టరుగారి ముందు పాఠం అప్పజెప్పకపోతే పెళ్ళి కూడా కాదు. రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు, వీళ్ళకెందుకు అనుకున్నారు. అలాంటివాళ్ళ సంతకానికి ఒక పద్ధతుంది. రాసేవాడు పేరు రాస్తుంటే, పేరుగలవాడు కలం పైకొసను పట్టుకుని ఉంటాడు. పక్కన 'చెయ్యి కలం మీద' అని రాస్తారు. అది ఏ కచేరీలోనైనా చెల్లుతుంది.

అర్జీ మీద పేరు పెట్టొచ్చిన సాయంత్రం గుల్‌బ్రాండ్ బూట్లైనా విప్పకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు. "కలం చేతికింద కొట్టుకుందే, గాలానికి చేప తగిలినట్టు," అన్నాడు. పెర్నిల్లె దుంపలు ఒలుస్తూ, "పట్టుకొచ్చావా మరి, వండుతాను," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఇప్పుడు ఆమెకు జ్ఞాపకం ఉంది గాని, జ్ఞాపకం వస్తే ఏమీ అవడం లేదు.

పొద్దున ఇంట్లోనూ ఇదే మాట. అత్త మార్టెకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చెవుడు, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"వేలు పెట్టి రావే తల్లీ. వాడు పెట్టాడు, రాజు పొమ్మన్నాడు, అయిపోయింది. నన్ను ఊరిమీద పడేస్తారే లేకపోతే! ఆరు రోజులు ఒకింట్లో, ఆరు రోజులు ఇంకో ఇంట్లో, పందులతో పాటు గంజి తాగమంటారు. ఈ వయసులో నాకు కొత్త పందులతో పరిచయాలెందుకు?"

"పెడతానత్తా," అంది పెర్నిల్లె. పెట్టాలనే అనుకుంది. ఆసామి మాట స్పష్టంగానే ఉంది. తాకితే అత్తాకోడళ్ళిద్దరూ బతికున్నంతకాలం బ్రోటెన్‌లో ఉండొచ్చు. తాకకపోతే లేదు.

ఆసామి ఇంట్లో పొయ్యి ఎర్రగా కాలుతోంది. కాఫీ వాసన వేస్తోంది. అమీను జలుబుతో ముక్కు చీదుకుంటూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు కాయితం, సిరాబుడ్డి, బాతు ఈక కలం ఉన్నాయి. పెర్నిల్లె గుమ్మం దగ్గరే ఆగింది. జుట్టులో గడ్డి పరకలున్నాయని తెలుసు, తీసుకోలేదు.

"రా అమ్మా, చలిలో నిలబడకు," అన్నాడు అమీను. "చదువుతాను, విను. విన్నాక కలం పట్టుకోవాలి. నీ మొగుడి బదులు నువ్వు."

చదివాడు. ముక్కు దిబ్బడ వల్ల మాటలు సగం మింగుతున్నట్టు వచ్చాయి. "బ్రోటెన్‌లో ఉండే గుల్‌బ్రాండ్ అను నేను, అందులో ఏముందో తెలియక, దేశద్రిమ్మరుల మాటలకు మోసపోయి, పేరు పెట్టితిని. అందుకు సిగ్గుపడి నా పేరు వెనక్కి తీసుకొనుచున్నాను."

ఆగి తలెత్తాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"అర్థమైందా?"

"అయిందండి. తెలియక అన్నారు కదా."

"ఆ. ఏం?"

"తెలిసే పెట్టాడండి. వాళ్ళు మొత్తం చదివి వినిపించారు. ఒకచోట అర్థం కాకపోతే రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంటికొచ్చి నాకూ చెప్పాడు."

ఆమె ఎదురుతిరగలేదు. గుర్రం ఏ రంగుది అంటే చెప్పినట్టు చెప్పింది. ఆసామికి మాత్రం మొహం ఎర్రబడింది.

"ఆ మాటలు పట్టించుకోకు. కాయితాల్లో అలాగే రాస్తారు, అందరికీ అలాగే రాశారు. నేనేమన్నా గుల్‌బ్రాండ్‌ను తిట్టానా? మంచి పనివాడు. పలకలు ఎవరిచ్చారు?"

"మీరే దొరా."

"మరి? వాడి పేరుతో నాకు గొడవ లేదు. నాకు కావలసింది నా చోటు పేరు. అక్కడ స్టాక్‌హోంలో రాజుగారి బల్లమీద వెస్ట్‌గార్డ్‌వాళ్ళ బ్రోటెన్ అని పడి ఉంది. పాస్టరుగారింట్లో విందుకెళ్తే అడుగుతున్నారు, ఏం ఏవెన్, నీ పొలం బిచ్చమెత్తుతోందట అని. బ్రోటెన్ నాది. మా తాత కొట్టించిన అడవి అది."

నిజమే. ఆ పేరు గుల్‌బ్రాండ్‌ది కాదు. ఇక్కడ మనిషి ఎక్కడ కాపురముంటే ఆ చోటు పేరు మనిషికి అంటుకుంటుంది. అతను పుట్టినప్పుడు మోయెన్, జీతానికున్నప్పుడు లియెన్, పెళ్ళయ్యాక బ్రోటెన్. రేపు ఇంకొకడొచ్చి ఆ గుడిసెలో పొయ్యి వెలిగిస్తే వాడు బ్రోటెన్. ఇన్నేళ్ళలో అతనిదంటూ ఒక్క అక్షరం లేదని పెర్నిల్లెకు ఇప్పుడు తోచింది. తోచినా బాధేమీ కలగలేదు. పేరు దొరది, కలం సంఘంవాళ్ళది, కాయితం రాజుగారిది. ఆ మొత్తంలో గుల్‌బ్రాండ్‌ది చెయ్యొక్కటే.

"కానీ అమ్మా," అన్నాడు అమీను కలాన్ని సిరాలో ముంచి. "పట్టుకో."

ఆమె బల్ల దగ్గరికి నడిచింది, చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఎత్తకూడదనుకుని కాదు, ఎత్తాలని చేతికి చెప్పేది ఏదో లోపల కదలలేదు. రెండు క్షణాలు చూసి ఆసామి లేచొచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తనే తీసుకెళ్ళి కలం పైకొస మీద పెట్టాడు. ఆమె పెట్టనిచ్చింది. పగుళ్ళు పట్టిన ఆ వేళ్ళు కలం మీద తడిగుడ్డలా పడి ఉన్నాయి.

"రాసెయ్యండి," అన్నాడు ఆసామి.

అమీను రాయలేదు. ముక్కు తుడుచుకున్నాడు. "అలా కాదు ఏవెన్. మీరు చెయ్యి వదలాలి. తనంతట తాను పట్టుకోవాలి. లేకపోతే అది మీ సంతకం అవుతుంది."

"ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాను గదా. రేపు ఎవడైనా అడిగితే ప్రమాణం చెయ్యవలసినవాణ్ణి నేను."

ఆసామి వదిలాడు. పెర్నిల్లె చెయ్యి కలం మీద నుంచి జారి బల్ల అంచు మీద పడింది. కలం కదిలి కాయితం మీద సిరాచుక్క ఒకటి పడింది.

"పట్టుకోవే!" అని అరిచాడు ఆసామి. "ఏం, చేతులు పడిపోయాయా? పొద్దున్నుంచి కర్ర పట్టుకోలా?"

అప్పుడు ఆమెకు తెలిసింది. వీళ్ళకు కోపమూ ధైర్యమూ చూపించనక్కర్లేదు. అవి ఆమె దగ్గర లేవు కూడా. వేళ్ళు ముడవకుండా ఉంటే చాలు. అది చెయ్యగలదు. ఈ తొమ్మిది రోజులుగా చేస్తున్నది అదే. అత్త గుర్తొచ్చింది, అత్తకు పెట్టబోయే గంజీ గుర్తొచ్చింది. గుండెలో ఎక్కడో అడుగున సన్నగా నొప్పి పుట్టింది, ఇన్నాళ్ళకు మొదటిసారి.

"పట్టుకోను దొరా," అంది.

కొట్టంలో రెండు కర్రలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అమీను ఆ కాయితాన్ని పక్కకు తోసి, సంచిలోంచి ఇంకో తెల్ల కాయితం తీశాడు.

"అయితే పట్టుకోనన్నదని రాసుకోవాలి. దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు, నేనొక్కణ్ణే రాయొచ్చు. నీ నాన్న పేరేంటమ్మా?"

"ఈవెర్."

"ఈవెర్ కూతురు పెర్నిల్లె," అని పలుకుతూ రాశాడు. "ఉండేది, బ్రో..."

"ఆ పేరు రాయొద్దు!" అన్నాడు ఆసామి. "ఇవాళ్టినుంచి దానికి ఆ చోటు లేదు. ఇదే నా మాట, మీరే సాక్షి."

అమీను కలం ఎత్తి పట్టుకున్నాడు. "మరి ఎక్కడుంటుందని రాయను? ఎక్కడా ఉండని మనిషి కాదన్నదని పంపిస్తే పైవాళ్ళు నన్ను చూసి నవ్వరూ?"

పెర్నిల్లె ఆ కాయితం వైపు చూసింది. తన పేరు తలకిందులుగా కనిపించింది. చేతిరాత ఆమెకు చదవడం రాదు, ఆ గీతల్లో ఏది తనో తెలియలేదు.

"బ్రోటెన్ అనే రాయండి," అంది. "ఇవాళ కట్టుబడి రోజండి. ఇంకా సగం పనలు కొట్టలేదు. సాయంత్రం దాకా నేను అక్కడి మనిషినే."

"పని మాన్పించేశారా మరి?" అని అమీను ఆసామిని అడిగాడు.

ఆసామి కిటికీలోంచి కొట్టం వైపు చూశాడు. మబ్బు దిగుతోంది. రేపటికి ధాన్యం మరకు పంపాలి. ఈమెను పంపేస్తే మూడో కర్రకు మనిషి లేడు. అమీను కలం ఆ 'బ్రో' తర్వాత గాలిలో ఆగి ఉంది.