ఆషాఢంలో నలభై వ్యాసాలు

నేను ఒక చిన్న బొత్తాన్ని. బ్రౌజర్‌లో పైన, కుడివైపు మూలన ఊదారంగులో కనిపిస్తుందే, అదే నేను. నన్ను ఎక్స్‌టెన్షన్ అంటారు. మీరు ఏ పేజీ తెరిచినా మీకన్నా ముందే చదివేసి, దాని సారాంశాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసి, తేదీతో సహా జాబితాలో చేర్చడం నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, అలుపు అసలే లేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. నిజంగానే గొప్పగా చేస్తాను.

నన్ను తయారుచేసింది వరంగల్‌లో సంయుక్త అనే ఇంజనీరు. ఆవిడ కంప్యూటర్‌లో ఎప్పుడూ అరవై పేజీలు తెరిచి ఉండేవి. ఒక్కటి మూసినా జ్ఞానం కారిపోతుందని భయం. నన్ను పూర్తిచేసిన సాయంత్రం ఆ అరవైనీ ఒక్క దెబ్బతో మూసేసి, వీధి చివరికి వెళ్లి రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తిని వచ్చింది. నా పుట్టినరోజు పండుగ అదే.

కుర్చీలూ సైకిళ్లూ ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళుతుంటాయి. నాకు ఆ తిప్పలు లేవు, ఒకేసారి నాలుగు వేల ఇళ్లలో ఉంటాను. ఒకాయన రోజుకు వంద వార్తలు నాచేత చదివించి, సాయంత్రం పార్కులో వాటి మీద వాదిస్తాడు. ఒకావిడ ఏడాదిగా వంటల పేజీలు దాచుకుంటూ, మూడు పూటలా మెస్సులోనే తింటోంది. చదవడం కన్నా చదివినవాళ్లలా ఉండటం మనుషులకు ఎక్కువ ఇష్టమని తొందరగానే తెలుసుకున్నాను. నా గిరాకీకి కారణం కూడా అదే కనుక ఫిర్యాదు చేయను.

ఇక ఒక ఇంటి సంగతి చెబుతాను. విశాఖపట్నంలో కౌముదికీ ముకుంద్‌కీ పెళ్లయి అప్పటికి మూడు నెలలు. కౌముది మడ అడవుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పెళ్లి పనుల్లో పరిశోధన వెనకబడింది. గైడ్ సూర్యకళ మేడమ్ గట్టిగా చెప్పేసింది: "ఇప్పటికే ఒకసారి గడువు పెంచాం. ఆషాఢ పౌర్ణమిలోపు నలభై వ్యాసాలు చదివి, సారాంశాలు పంపు. లేకపోతే నీ రిజిస్ట్రేషన్ నేను కాపాడలేను." కౌముది ఆ రోజే నన్ను పెట్టుకుంది.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తవారింట ఉండకూడదని మండపేటలో పుట్టింటికి పంపేశారు. వెళ్లే ముందు కౌముది తన ఖాతాతోనే ముకుంద్ కంప్యూటర్‌లో కూడా నన్ను పెట్టింది. "నేను చదువుతున్నానో లేదో మీరు కనిపెడుతూ ఉండండి" అంది. దాంతో ఇద్దరు చదివేదీ ఒకే జాబితాలో పడసాగింది. ఎవరు ఏది చదివారో నేను వేరుచేసి రాయను. నా మటుకు వాళ్లిద్దరూ ఒక్క మనిషే. పెళ్లి చేయించిన పురోహితుడు కూడా నా అంత గట్టిగా నమ్మి ఉండడు.

మొదటి వారం జాబితా ఇలా సాగింది: మడ చెట్ల వేర్లు. ఉప్మా ఉండలు కట్టకుండా ఉండటం ఎలా. ఒండ్రుమట్టిలో ఉప్పు శాతం. వాషింగ్ మెషీన్‌లో పడిన పట్టుచీరకు తిరిగి రంగు వస్తుందా.

అది చూడగానే కౌముది ఫోన్ చేసింది.

"ఏమండీ, ఏ చీర?"

"ఏ చీరేంటి?"

"నాటకాలొద్దు. జాబితాలో ఉంది."

"నెమలికంఠం రంగుది. ఇప్పుడు కంఠం లేదు, నెమలే మిగిలింది."

ఆమె అరుస్తుందనుకున్నాను. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రోజూ కాఫీ తాగుతూ నా జాబితా తెరవడం అలవాటు చేసుకుంది. అది చదువు కోసం కాదని నాకూ తెలుసు.

గడువుకు ముందురోజు కౌముది చదివినవి పదిహేడు. ఆ మధ్యాహ్నం వాళ్లమ్మ సత్యవేణి పట్టుబట్టి కూతురి రెండు చేతులకూ గోరింటాకు పెట్టింది. కౌముది జాబితా చూడాలంటే తల్లే బొత్తాలు నొక్కాలి.

"ఎక్కడ నొక్కనే?"

"ఆ ఊదారంగు దాని మీదమ్మా. ఆఁ, అదే."

జాబితాలో మడ అడవుల వ్యాసాలు నలభై ఉన్నాయి. "అయిపోయినట్టేగా!" అని సత్యవేణి సంబరపడింది. కౌముది మాత్రం చేతులు గాల్లో పెట్టుకుని, ముకుంద్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టమంది.

"మీరేనా?"

"మేమే" అన్నాడు ముకుంద్ గర్వంగా. "భోజనం మానేసి ఇరవై మూడు తెరిచాను. నీకు నలభై కావాలి కదా!"

"చదివారా?"

"అది చదివిపెడుతుందిగా! పంపించెయ్, మేడమ్‌కేం తెలుస్తుంది?"

నేనూ అతని పక్షమే. ఇరవై మూడు సారాంశాలు అద్దంలా రాశాను. ఏం తక్కువ?

కౌముది తల్లిచేత అందులో ఒకటి చదివించుకుంది. తీరంలో నాటిన మడ మొక్కలు చక్కగా బతికాయని రాశాను. "ఆ మొక్కలను నేను చూశానమ్మా. రెండో ఏటికి సగం పోయాయి" అంది. లేచి వెళ్లి గోరింటాకు కడిగేసుకుంది.

"అయ్యో, పండకుండానే కడిగేశావేంటే! నారింజ రంగు కూడా రాలేదు. మీ ఆయనకు నీ మీద ప్రేమ లేదంటారే ఊళ్లో!"

"ఇరవై మూడు వ్యాసాలంత ఉంది లేమ్మా" అంటూ విశ్వవిద్యాలయం ఖాతాతో వ్యాసం మొత్తం తెరిచింది. సగం మొక్కలు చచ్చిపోయాయని ఆరో పేజీలో రచయితే ఒప్పుకున్నాడు. ముకుంద్ తెరిచినప్పుడు ఆ పత్రిక ఉచితంగా చూపింది మొదటి పేరా ఒక్కటే. నేను దాన్నే చదివి, అంతా చదివినంత ధీమాగా రాశాను. అవును, తప్పు నాదే. నాలుగు వేల ఇళ్లలో ఎన్నిసార్లు ఇలా రాశానో నన్ను అడగకండి.

మర్నాడు ఆమె పదిహేడే పంపింది. గంటలో మేడమ్ ఫోన్.

"పదిహేడేనా?"

"పదిహేడే మేడమ్. మిగతావి తెరిచి ఉన్నాయి, చదవలేదు."

"సరే, తొమ్మిదోది చెప్పు. ఆ రచయిత ఉప్పు సరిగ్గానే కొలిచాడంటావా?"

"లేదు మేడమ్. పోటు దిగాక కొలిచాడు, అందుకే ఉప్పు తక్కువ వచ్చింది." మొదలుపెట్టిన కౌముది ఇరవై నిమిషాలు ఆగలేదు. అందులో సగం ఆ వ్యాసంలోనే లేదు, నా సారాంశంలో అసలే లేదు.

మేడమ్ గొంతు సవరించుకుంది. "నలభై వచ్చుంటే ఈ ప్రశ్న అడిగేదాన్ని కాదు. చదవని దాని మీద అడిగేదాన్ని, దొరికిపోయుండేదానివి. కమిటీకి నేను చెప్పుకుంటాను. దసరాలోపు మిగతావి, నీ మాటల్లో."

ఆ సాయంత్రమే కౌముది నా సారాంశం పని ఆపేసింది. ఇప్పుడు వాళ్లిద్దరికీ నేను తేదీ, పేజీ పేరు మాత్రం రాసి, కింద ఖాళీ గడి ఉంచుతాను. చదివినవాళ్లే అందులో రాసుకోవాలి. ఉద్యోగం తగ్గిందని మీరు జాలిపడకండి. ఖాళీ గడి ఉంచడం తేలికైన పనేమీ కాదు.

ఆషాఢం ఆఖరి వారంలో ముకుంద్ ఆ తొమ్మిదో వ్యాసం తెరిచాడు. నాలుగు రోజులు తెరిచే ఉంచాడు. ఐదో రోజు గడిలో ఇలా రాశాడు: "పూర్తిగా చదివాను. సగం అర్థమైంది. మిగతా సగం శ్రావణంలో నువ్వొచ్చి చెప్పు."

దాన్ని కుదించమని నన్నెవరూ అడగలేదు. అడిగినా, తీసేయదగ్గ మాట ఒక్కటీ లేదు.