మధ్యలో నిలబడే మనిషి

దియెప్ ఇంట్లో ఉండేది ముగ్గురే. తల్లి బిక్, కూతురు ఖుయే, మధ్యలో తను. భర్త వేరే కాపురం పెట్టుకుని తొమ్మిదేళ్ళయింది కాబట్టి అతన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. ఆ ముగ్గురూ కలిసి ఉన్న ఫోటో మాత్రం ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఇద్దరేసి ఉన్నవి బోలెడు. నలుగురు ఉన్నవి అంతకంటే ఎక్కువ. ముగ్గురు ఉన్న ఫోటో తీయించుకుంటే మధ్యలో నిలబడ్డవాళ్ళకు ఆయువు తీరుతుందని వాళ్ళ దేశంలో ఒక నమ్మకం. చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. నవ్వుతూనే పక్కన పోయేవాణ్ణెవరినో పిలిచి నాలుగోవాడిగా నిలబెట్టుకుంటారు. బిక్ అయితే నవ్వను కూడా నవ్వదు. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఫోటోలో మనుషులు మాత్రం ముగ్గురు కాకూడదు.

తాముండే ప్లేకు అనే ఊరి కొండల మీంచి బస్సులో దిగి సముద్రం ఒడ్డుకు వచ్చి రెండు రోజులైంది. ఈ రెండు రోజుల్లో ఖుయే కెమెరా నిండా పరాయివాళ్ళు చేరిపోయారు. ఒక ఫోటోలో లాడ్జి వాచ్‌మన్, ఇంకోదాంట్లో ఐస్‌క్రీం అమ్మే ఆయన, మూడోదాంట్లో పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోవడానికి వచ్చిన ఎవరో పెళ్ళికూతురు, తెల్లగౌనుతో సహా. చూసినవాళ్ళకు వీళ్ళది ఏ కుటుంబమో అంతుపట్టదు.

"అమ్మమ్మా, ఈ కుక్కపిల్లని ఎత్తుకుంటా. అప్పుడు నలుగురం అవుతాం కదా," అంది ఖుయే నిన్న సాయంత్రం, ఇసుకలో దొరికిన కుక్కను చంకన వేసుకుని.

"కుక్క లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు? దానికీ ప్రాణం ఉందిగా?"

"ఉంది కాబట్టే వద్దంటున్నా. నోరులేని దాన్ని ఇందులోకి లాగకు. దింపు దాన్ని, గోకుతుంది."

ఖుయేకి పదిహేడేళ్ళు. పగలబడి నవ్వింది. దియెప్ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు గొంతు దాటి లోపలికి పోలేదు.

వచ్చే గురువారం సైగాన్‌లో దియెప్‌కు ఆపరేషన్. ఎడమ రొమ్ములో గడ్డ. కోసి చూస్తే గానీ ఎంతవరకూ పాకిందో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఇంట్లో ఇద్దరికీ ఇంకా చెప్పలేదు. ఆదివారం ఇల్లు చేరాక చెబుదామనుకుంది. ఈలోగా మూడు రోజులు సముద్రం చూపించి, ముగ్గురూ నవ్వుతూ ఉన్న ఫోటో ఒకటి తీయించుకుందామని ఈ ప్రయాణం పెట్టింది. తనకేమైనా అయితే కూతురి చేతిలో అది ఉండాలి. ముగ్గురే ఉండాలి. ఐస్‌క్రీం ఆయన కాదు, పెళ్ళికూతురు కాదు. అదొక్కటే ఆమె కోరిక.

దియెప్ దర్జీ. సెలవులకు వెళ్ళే కుటుంబాలన్నీ ఒకే గుడ్డతో బట్టలు కుట్టించుకోవడం మామూలే కాబట్టి, పసుపు పూల గుడ్డ తెచ్చి మూడు జతలు తనే కుట్టింది. ఈ ఉదయం ముగ్గురూ అవే వేసుకుని, పళ్ళాల రాళ్ళ తీరానికి వచ్చారు. అక్కడ నల్లరాళ్ళు గిన్నెల కొట్లో పళ్ళాలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, నీళ్ళలోకి దిగిపోతూ. కెరటం వచ్చి కొట్టినప్పుడల్లా సందుల్లోంచి నురగ చిమ్ముతుంది. ఖుయే కెమెరా మెడలో వేసుకుని ఒక రాయి మీంచి ఇంకో రాయికి గెంతుతూ పోయింది.

"జారతావే! చెప్పులు విప్పు!" అని కేకేసింది బిక్.

"విప్పితే కాళ్ళు కాలతాయి అమ్మమ్మా!"

"కాలితే మందు రాస్తా. విరిగితే నేనేం రాయాలి?"

ఖుయే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తరవాత కనిపించినవన్నీ ఫోటోలు తీసింది. నురగ, పీత, తలకిందులుగా ఆరేసిన బుట్టపడవలు, టోపీ ఎగిరిపోయి పరిగెత్తే ఒక పెద్దాయన. ఆ పిల్లకు చూపు బాగుంది. పొద్దున బిక్ బలవంతంగా ట్యూనా చేప కన్ను తినిపించింది, ఫోటోలు తీసేదానికి కళ్ళు బాగుండాలని. ఖుయే ముక్కు మూసుకుని మింగింది పాపం.

దియెప్ తల్లి పక్కన ఒక చదును రాయి మీద కూర్చుంది. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుంది.

"అమ్మా, ఒక్కటంటే ఒక్కటి. మనం ముగ్గురమే. నా మాట కాదనకు."

"ఇంకేదన్నా అడుగు."

"ఇంకేం వద్దు నాకు. ఇదే కావాలి."

"నలభై అయిదేళ్ళొచ్చాయి, చిన్నపిల్లలా ఆ పట్టేమిటి? అదిగో, ఎండు కణవ చేపలు అమ్మే ఆమె వస్తోంది. ఆమెని పిలుద్దాం. మొహం కూడా లక్షణంగా ఉంది."

"ఎండు కణవలామె నాకేమవుతుందమ్మా? నా కూతురు రేపు ఫోటో చూసుకుని, ఈమె ఎవరు అని అడిగితే ఏం చెప్పను? ముగ్గురు ఆడవాళ్ళం ఒక ఇంట్లో పడి ఉన్నాం. ముగ్గురం కలిసి ఒక్క ఫోటోకు నోచుకోలేదు. నీ మూఢనమ్మకం నువ్వూ!"

గొంతు కాస్త పెద్దదే అయింది. ఎండు కణవలామె ఇటు రాబోయి అటు తిరిగి వెళ్ళిపోయింది. బిక్ కెరటాల వంక చూసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నోటికి తాళం వేసుకోవడం ఎరగని మనిషి. అలా ఊరుకుండిపోవడం చూసి దియెప్‌కు భయం వేసింది.

"మీ నాన్న ఫోటో రోజూ చూస్తావు కదా," అంది బిక్ చివరికి.

చూస్తుంది. ఇంట్లో, పోయిన పెద్దలను పూజించే పీట మీద, అగరొత్తుల వెనక ఉంటుంది. దియెప్ పుట్టకముందే పోయిన తండ్రి థాక్‌కు ఉన్న ఒకే ఒక్క ఫోటో. అందరి ఇళ్ళలోనూ పీట మీద ఫోటోలు బిగుసుకుని ఉంటే, థాక్ మాత్రం పక్కకు తిరిగి నవ్వుతుంటాడు.

"అది ముగ్గురున్న ఫోటోలోంచి కత్తిరించింది," అంది బిక్. "ఈ తీరంలోనే తీశారు, ఆ కనిపించే కొండకొమ్ము దాటాక మా ఊరి దగ్గర. పండక్కి ఊళ్ళు తిరిగే ఫోటో ఆయన వచ్చాడు. నేనూ, మీ నాన్నా, మీ బాబాయీ. ఆడమనిషి మధ్యలో ఉంటే బాగుంటుందని నన్ను కూర్చోబెట్టాడు. అప్పటికి నువ్వు కడుపులో పడి అయిదు నెలలు."

దియెప్ కాస్త దగ్గరికి జరిగింది.

"నాకు ఒళ్ళు జల్లుమంది. నేను పోతే పోయాను గానీ, బిడ్డ కూడా మధ్యలో ఉందే అనిపించింది. లేచి మీ నాన్న చెయ్యి పట్టుకుని లాగి, నువ్వు కూర్చో ఇక్కడ అన్నా. ఎందుకని అడగలేదు ఆయన. తెలుసు ఆయనకి. నీకు నా మీద ప్రేమ లేదే అని నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. ఆ నవ్వే అది. నన్ను చూసి నవ్వుతున్నాడు. మూడు నెలలకి తుఫానులో పడవ బోల్తా పడింది."

"అమ్మా..."

"మీ బాబాయి బతికాడు. నేను బతికాను. నువ్వు పుట్టావు. మధ్యలో ఉన్నాయన పోయాడు. నేను మీ మామయ్యతో కొండ మీదికి వెళ్ళిపోయి, మళ్ళీ ఈ నీళ్ళ మొహం చూడలేదు. ఇప్పుడు చెప్పు, ఏ చేత్తో తీయించుకోను ఫోటో?"

దియెప్ ఇన్నేళ్ళూ తల్లిది చాదస్తం అనుకుంది. చుట్టాల ముందు వెక్కిరించింది కూడా. అది చాదస్తం కాదు, నలభై అయిదేళ్ళుగా ఒక్కతే మోస్తున్న బరువు. తల్లి మీద జాలీ, తన మీద తనకు అసహ్యమూ ఒక్కసారే కలిగాయి. తుఫానుకీ ఫోటోకీ సంబంధం లేదని చెప్పాలనుకుంది. ఆ ఏడు ఆ తుఫానులో పోయిన వాళ్ళందరూ ఫోటోలు తీయించుకున్నవాళ్ళేనా అని అడగాలనుకుంది.

"వద్దులే అమ్మా," అంది. "నాకు తెలీదు. ఇంకెప్పుడూ అడగను. కణవలామెనే పిలుద్దాం."

బిక్ ఆమె వైపు తిరిగింది.

"ఆపరేషన్ ఎప్పుడు?"

దియెప్ చొక్కా సర్దుకుంది. "ఏ ఆపరేషన్?"

"నాకు కబుర్లు చెప్పకు. నా చొక్కా తల మీంచి తొడుక్కునేది. ఖుయేదీ అంతే. నీది ఒక్కదానికే ముందు గుండీలు పెట్టుకున్నావు, కోత పెట్టాక తొడుక్కోవడానికి వీలుగా. పాతికేళ్ళుగా కుడుతున్నావు, ఒక గుడ్డలో మూడు జతలు తీసినప్పుడు ఒకదాని కత్తిరింపు ఎప్పుడైనా మార్చావా? ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు నీకు. బస్సులో సంచి పైన పెట్టమంటే కూతుర్ని పిలిచావు. నిన్న నేను వాటేసుకుంటే పక్కకి తిరిగావు. కన్నదాన్నే, కళ్ళు పోలేదింకా."

అంతవరకూ బిగబట్టుకున్నదంతా అప్పుడు తెగిపోయింది. దియెప్ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. గురువారం అని చెప్పింది. కోసి చూడాలన్నారని చెప్పింది. ఖుయేకి తెలియదని చెప్పింది. తనకు చచ్చేంత భయంగా ఉందని కూడా చెప్పింది. బిక్ కూతురి వీపు మీద చేత్తో రాస్తూ కూర్చుంది.

కాసేపటికి, "మొహం కడుక్కో," అంది. "సముద్రం నీళ్ళతో వద్దు, మండుతుంది. సీసాలో నీళ్ళున్నాయి."

తరవాత లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "ఖుయే! ఇటు రావే! ఫోటో తీయాలి!"

ఖుయే గెంతుకుంటూ వచ్చింది. ఆ అరుపు విని కణవలామె కూడా వచ్చింది. ఈ తీరంలో నాలుగో మనిషిగా నిలబడటం ఆమెకు అలవాటే. గంప దించి, జుట్టు సర్దుకుని, మధ్యకు రాబోయింది.

"నువ్వు నిలబడక్కర్లేదమ్మా. ఆ బొత్తాం నొక్కు, చాలు," అంది బిక్.

ఆమె ముగ్గుర్నీ లెక్కపెట్టింది. మొహంలో నవ్వు పోయింది. "ముగ్గురేగా పెద్దమ్మా?"

"ముగ్గురమే."

"అమ్మో, నా చేత్తో నేను నొక్కను. ఆ పాపం నాకొద్దు. కణవలు కావాలంటే చెప్పండి." గంప నెత్తిన పెట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఖుయే గుడ్లప్పగించి చూస్తోంది. "అమ్మమ్మా, నీకేమైంది? ఎండ తగిలిందా?"

"ఏదో పది అంకెలు లెక్కపెట్టి అదే తీసుకుంటుందన్నావు కదా నీ కెమెరా. అది పెట్టు ఆ రాయి మీద."

ఖుయే చెప్పులు ఎత్తుగా పెట్టి, వాటి మీద కెమెరా ఆనించింది. ఈలోగా దియెప్ అడుగు ముందుకు వేసి మధ్యలో నిలబడబోయింది. బిక్ ఆమె కుడిచెయ్యి పట్టుకుని అంచుకు లాగి, తను మధ్యలోకి వచ్చింది.

"అమ్మా, వద్దు. నువ్వు వద్దు."

"జరుగు."

"ఇదంతా ఉత్తదే అమ్మా. నాన్న తుఫానులో పోయాడు. ఫోటో వల్ల కాదు."

"ఉత్తదైతే నాకేం కాదు. నిజమైతే నీకేం కాదు. ఎటు చూసినా నాకే లాభం. నువ్వు జరుగు."

"మీరిద్దరూ కొట్టుకోకండి, నాకు ఇవేం పట్టింపులు లేవు. మధ్యలో నేను నిలబడతా," అంది ఖుయే.

"నువ్వు నోరు మూసుకో!" అన్నారు తల్లీ, అమ్మమ్మా ఒక్క గొంతుతో.

ఖుయే నోరు మూసుకుంది. వెళ్ళి కెమెరా నొక్కి, రాళ్ళ మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మమ్మ ఎడమవైపు చేరింది. కెమెరా మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతోంది. పది అంకెలంటే ఎంతసేపో దియెప్‌కు ఇంతకుముందు తెలియదు. పక్కన తల్లి ఊపిరి వినిపిస్తోంది. తల్లి చెయ్యి తన నడుం చుట్టూ ఎంత గట్టిగా బిగిసిందంటే, పక్కటెముకలు నొప్పి పెట్టాయి. ఆ నొప్పి బాగుందనిపించింది. ఈ మనిషి ఉండగా తనకేమీ కాదని, నలభై అయిదేళ్ళ వయసులో, గట్టిగా నమ్మింది. దీపం గబగబా కొట్టుకుని ఆరిపోయింది.

ఖుయే పరిగెత్తి వెళ్ళి చూసింది.

"అమ్మ ఏడుస్తోంది ఇందులో! ఎందుకమ్మా ఏడుస్తున్నావు?"

"లాడ్జికి వెళ్ళాక చెబుతాను తల్లీ. అంతా చెబుతాను."

"అమ్మమ్మేమో కెమెరాని కొట్టేట్టు చూస్తోంది. పనికిరాదిది. మళ్ళీ తీయాలి."

"తీయి," అంది బిక్. "అది నవ్వేదాకా తీయి. నేనెక్కడికీ పోను."

ఖుయే మళ్ళీ నొక్కి పరిగెత్తుకొచ్చింది. బిక్ మధ్యలోంచి కదలలేదు.