ఎముకల పుష్టి

త్యాగరాజు ఒకప్పుడు మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా పనిచేశాడు. డాక్టర్ల గదుల బయట బ్యాగు పట్టుకుని కూర్చున్నందుకే వైద్యం వంటబట్టిందని ఆయన నమ్మకం. గుంటూరులో ఆయన పక్కవీధిలోనే ఉండే చెల్లెలు శివపార్వతికి అంతకన్నా గట్టి నమ్మకం.

ఆమె కూతురు మనోజ్ఞ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. రెండు వేల మూడులో ఆ అమ్మాయికి లూపస్ అని, అంటే ఒంటి రోగనిరోధక శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బని తేలింది. కీళ్లు వాచేవి, ఎండ తగిలితే మొహం కందిపోయేది. హైదరాబాదు డాక్టరు స్టెరాయిడ్‌తో పాటు రోజుకొక కాల్షియం మాత్ర రాసి, ఎండలో తిరగొద్దన్నాడు.

“ఎండ లేకపోతే ఎముకలు పిండైపోతాయే అమ్మాయ్. ఒక్క మాత్ర ఏ మూలకి?” అన్నాడు త్యాగరాజు.

“డాక్టరుగారిని అడుగుదాం మామయ్యా.”

“అడిగేదేముంది? ఆయన పుట్టకముందు నుంచి ఈ మందులు అమ్మినవాణ్ణి.”

ఆ డాక్టరు వయసులో త్యాగరాజు కన్నా పెద్ద. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒక మాత్ర మూడైంది. పైగా వారం వారం డి విటమిన్ ఇంజెక్షన్. అది పొడవడానికి ఆర్‌ఎంపీని త్యాగరాజే స్కూటరెక్కించుకుని, పెళ్లికి పురోహితుణ్ణి తెచ్చినంత ఆర్భాటంగా తెచ్చేవాడు.

మిరపఘాటు ఊరిని కమ్మే రోజులకల్లా మనోజ్ఞకి దాహం పట్టుకుంది. ఎన్ని నీళ్లు తాగినా నోరు ఎండిపోయేది. మలబద్ధకం, అన్నం చూస్తే వాంతి. ఒకరోజు బోర్డు మీద సగం సమీకరణం రాసి, ఏం రాస్తున్నదో మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

“జబ్బు మెదడుకెక్కింది. ఇంకో ఇంజెక్షన్ పడాలి,” అని తేల్చాడు మామయ్య.

ఆ ఇంజెక్షన్ పడకముందే, తోటి లెక్చరర్ ఖుర్షిదా మనోజ్ఞని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తపరీక్షలో కాల్షియం విపరీతంగా ఉంది.

“లూపస్ వల్ల కూడా కాల్షియం పెరగొచ్చు, కానీ అది చాలా అరుదు,” అంది అక్కడి డాక్టరమ్మ. “ముందు ఏమేం వాడుతున్నారో చెప్పండి.”

మనోజ్ఞ తడబడుతూ అన్నీ చెప్పింది. అప్పుడే ఆసుపత్రికి వచ్చిన త్యాగరాజు, “బలానికేనండీ,” అన్నాడు.

“ఆ బలమే ఈమె కిడ్నీల మీద పడింది,” అంది డాక్టరమ్మ.

మాత్రలు, ఇంజెక్షన్లు ఆపేసి సెలైన్లు ఎక్కించారు. కొద్దిరోజులకి మాట తేటపడింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా మునుపటిలా కాలేదు. త్యాగరాజు ఆసుపత్రికి మళ్లీ రాలేదు. తనకి ఆసుపత్రి వాసన పడదట.

ఆ ఏడాది చివర, బంధువుల గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఆయన గొంతు వినిపించింది. “మొహం చూడగానే ఇది కాల్షియమేనని పట్టేశాను. లేకపోతే పిల్ల దక్కేదా?”

శివపార్వతి తల ఊపుతోంది. మనోజ్ఞ చెయ్యి కడుక్కుని ఆయన ముందు నిలబడింది.

“అబద్ధం మామయ్యా. నన్ను ఆసుపత్రికి చేర్చింది ఖుర్షిదా. ఆ కాల్షియం ఎక్కించింది నువ్వు.”

వడ్డించేవాళ్లు కూడా ఆగారు. త్యాగరాజు చుట్టూ చూసి, పలచగా నవ్వాడు.

“స్టెరాయిడ్ వాడేవాళ్లకి కోపం ఎక్కువేలే. దానికో మంచి మందుంది,” అన్నాడు.

“ఊరుకో అన్నయ్యా,” అంది శివపార్వతి. అన్నగారిని ఆమె అంతమాట అనడం అదే మొదలు.