రెండు జాబితాల్లో ఉన్న పన్నెండు మంది

అద్దకం గదిలో పని మొదలయ్యే ముందు లెక్కల గుమస్తా కాగితాలు పట్టుకుని తొట్టె తొట్టెకీ తిరిగేవాడు. ఆ వారం అడగాల్సినవి రెండే ప్రశ్నలు. దగ్గుందా? కళ్ళు మండుతున్నాయా?

యాభై మందిలో ఇరవై నాలుగు మందికి దగ్గు, పద్దెనిమిది మందికి కళ్ళమంట. పన్నెండు మంది పేర్లు రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. వాళ్ళలో అతని అక్క కూడా ఉంది. అమ్మ పోయాక అతన్ని పెంచి, చదివించింది ఆ అక్కే.

"సగం మందికి మించి జబ్బుంటే తనిఖీవాళ్ళు గది మూసెయ్యమంటారు. కాస్త చూసి వెయ్యి," అన్నాడు మేనేజరు.

రెండు జాబితాలూ కలిపితే నలభై రెండు. రెండుసార్లు పడ్డ పన్నెండు మందిని ఒక్కసారి తీసేస్తే ముప్ఫై, అంటే నూటికి అరవై. ఆమాత్రం గుమస్తాకి తెలుసు. తెలిసే, ఆ పన్నెండునీ రెండుసార్లూ తీసేశాడు. పద్దెనిమిదే మిగిలింది, నూటికి ముప్ఫై ఆరు. మేనేజరు భుజం తట్టాడు.

మర్నాటి నుంచి ఆ పన్నెండు మంది కాళ్ళు నేలకి ఆనలేదు. జానెడెత్తున తేలుతూనే పని చేసుకుంటున్నారు. "ఏంటమ్మా, కాలు నేల మీద నిలవట్లేదు, ఏం శుభవార్త?" అని పక్కవాళ్ళు నవ్వారు. చెప్పులు అరగవు, అదీ మంచిదేలే అనుకున్నారు. తొట్టెలో బట్ట అందక అక్క నడుముకి తాడు కట్టి రెండు ఇటుకలు కాళ్ళదాకా వేలాడదీసుకుంది. తాడు ఒరుసుకుని నడుమంతా కమిలిపోయింది.

"నొప్పిగా లేదా అక్కా?"

"ఎందుకుండదు? నీ పని చూసుకోరా, మేనేజరు చూస్తే తిడతాడు," అంది దగ్గుతూ.



తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ కాగితం చూసింది, తేలుతున్న వాళ్ళ కాళ్ళూ చూసింది. "వీళ్ళని లెక్కలోంచి ఎందుకు వదిలేశారు?" అని అడిగింది, తలుపు ఎందుకు తీసి ఉంచారని అడిగినంత మామూలుగా.

"జబ్బున్న వాళ్ళందర్నీ వేశామండీ," అన్నాడు మేనేజరు.

గుమస్తాకి తల కొట్టేసినట్టయింది. సుద్దముక్క తీసుకుని, ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా నేల మీద రెండు పెద్ద సున్నాలు గీశాడు.

"దగ్గున్న వాళ్ళు ఇందులో, కళ్ళు మండేవాళ్ళు అందులో నిలబడండి. రెండూ ఉన్నవాళ్ళు మధ్యలోకి రండి."

పన్నెండు మందీ మధ్యలో తేలుతూ నిలబడ్డారు. అతను ఒక్కొక్కరినీ ఒక్కసారే లెక్కపెట్టాడు. అంకె పడగానే వాళ్ళ పాదాలు నేలని తాకాయి. చివర్న అక్క.

"ముప్ఫై," అన్నాడు. ఇటుకలు ఠప్పున నేలకి తగిలాయి.

ఆఫీసరమ్మ ఆ గది మూయించి, అందర్నీ పై అంతస్తులో కిటికీలున్న గదికి మార్పించింది.

అక్క నడుముకున్న తాడు విప్పుకుంటూ అడిగింది. "లెక్క తప్పిందా, తప్పించావా?"

"తప్పించానక్కా."

గదంతా విన్నది. అతను తలెత్తలేకపోయాడు.

"సరేనండీ గుమస్తాగారూ," అని ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పై గదిలో నెల తిరక్కుండానే అక్క దగ్గు తగ్గింది. అతన్ని మళ్ళీ "ఒరేయ్" అని పిలవడానికి మాత్రం ఏడాది పట్టింది.