మూల మడి

మా మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు, బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన సర్వీసులో ఏ బస్సూ టైముకి బయల్దేరలేదని మా అత్తయ్య అంటుంది. ఎవరైనా దూరం నుంచి చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తుంటే ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని కూడా ఊదేవారు కాదట. డ్రైవరు విసుక్కుంటే "పాపం, వస్తున్నాడుగా" అనేవారట. ఈ పాపం అనే మాట ఆయన నోట్లోంచి రోజుకి ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం మా ఇంట్లో అందరం ఎప్పుడో మానేశాం. దోమని కొట్టినా పాపమే, పాత చెప్పులు పారేసినా పాపమే. అలాంటి మనిషి నేను పనిచేసే చోటికి రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చేవారు. అక్కడ నేను చేసే పని మొక్కలకి నీళ్ళు పోయకుండా ఉండటం.

నవ్వకండి, అదీ ఒక పనే. నేను శనగలో కొత్త రకాలు తయారుచేసే పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాను. వానలు మొహం చాటేసిన ఏడాది కూడా పండే శనగ కావాలంటే, దాన్ని వాన పడని చోట పెంచి చూడాలి. అందుకు మా దగ్గర ఒక పొడవాటి షెడ్డు ఉంది. పైన వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకులు. ఎండ పడుతుంది, చినుకు పడదు. కింద చిన్న చిన్న మడులు. విత్తేటప్పుడు ఒక్క తడి పెడతాం. ఆ తర్వాత బతికితే బతికినట్టు, లేకపోతే లేదు. మడి మొదట్లో నంబరు చీటీ తప్ప ఏ రకమో రాసి ఉండదు. ఎవరి మొక్క ఏదో తెలిస్తే మనుషులకి చెయ్యి ఊరుకోదని ఆ ఏర్పాటు.

సగం మడుల్లో ఉన్నది నా రకం. కాగితాల మీద దానికి పొడవాటి నంబరు ఉంది గానీ నేను మొండిది అంటాను. పెళ్ళికి ముందు నుంచీ దీన్నే పెంచుతున్నాను. బక్కగా, చిట్టి ఆకులతో, అందం చందం లేకుండా ఉంటుంది. నాకు ముద్దే. కాకిపిల్ల కాకికి ముద్దు కాకపోతే ఇంకెవరికి ముద్దు? మిగతా సగం మడుల్లో ఉన్నది దొర. అదీ నేను పెట్టిన పేరే. ఇప్పుడు రైతులందరూ వేస్తున్న పేరున్న రకం. నీళ్ళుంటే గంపలకొద్దీ కాస్తాడు. నీళ్ళు లేకపోతే మధ్యాహ్నానికల్లా తల వేలాడేస్తాడు.

మొండిది దొరని ఓడిస్తేనే రైతుల చేతికి వెళ్తుంది. పరీక్షలన్నిట్లోకీ ఇది ఆఖరి పంట. ఓడితే దాని గింజలు ఒక కవరులో పోసి, కోల్డ్ రూమ్‌లో, అలాంటి వేల కవర్ల మధ్య పెట్టేస్తారు. అందులోంచి మళ్ళీ బయటికి వచ్చిన రకాన్ని నేనింతవరకూ చూడలేదు. అందుకే ఆ పంట కాలమంతా నాకు తిండి మీద ధ్యాస లేదు. నేను తినడం లేదనే మామయ్య స్వయంగా క్యారేజీ మోసుకొచ్చి, ఖాళీ గిన్నెలు చూశాక గానీ కదిలేవారు కాదు.

షెడ్డు పక్క గదిలో నేను తింటుంటే ఆయన గుమ్మంలో కూర్చుని మడుల వంక చూసేవారు.

"ఇందులో నీవి ఏవమ్మా?"

"చెప్పకూడదు మామయ్యా."

"నాక్కూడానా?"

"మీకైతే అసలు చెప్పకూడదు. మీకు చెప్తే అత్తయ్యకి తెలుస్తుంది. అత్తయ్యకి తెలిస్తే వీధంతా తెలుస్తుంది."

"అదీ నిజమేలే," అని ఒప్పుకున్నారు. మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు.

"పోనీ, ఆ మూల మడి చూడు, ఎలా వాడిపోయిందో. ఒక్క చుక్క పోస్తే ఏమవుతుంది? పాపం!"

"పోయకూడదు మామయ్యా. దాహాన్ని ఎంతవరకు తట్టుకుంటాయో చూడటమే కదా నా పని."

"ఇదేం చదువు తల్లీ!" అని ఆయన కళ్ళు తిప్పేసుకున్నారు.

ఆ మూల మడిలో ఉన్నది దొర. నంబరు చూడకుండానే ఆకుని బట్టి నాకు తెలుసు. నేను రోజూ మామయ్య వచ్చే వేళకి మడులన్నీ చూసుకుంటూ వెళ్ళి అక్కడే ఎక్కువసేపు నిలబడేదాన్ని. మొండిది ఎలాగూ నిలబడుతుందని నమ్మకం, దాని పక్కనుంచి చకచకా నడిచిపోయేదాన్ని. దొర తల వేలాడేస్తుంటే చూడటానికి మాత్రం కాళ్ళు ఆగేవి. శత్రువు కష్టంలో ఉంటే చూసి సంతోషించకూడదని పెద్దలు చెప్పారు గానీ, ఆ పెద్దలెవరూ శనగ పండించి ఉండరు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. పూత రాలి కాయ పట్టే వేళకి మూల మడిలో దొర ఎందుకో పుంజుకున్నాడు. ఆకు విప్పుకున్నాడు, కొమ్మకొమ్మకీ కాయ పట్టాడు. మిగతా మడుల్లోని దొరలు మాడిపోతుంటే ఈయనొక్కడు పెళ్ళికొడుకులా కళకళలాడుతున్నాడు. ఇప్పుడు భయంతో అక్కడ మరింతసేపు నిలబడటం మొదలుపెట్టాను. పైమట్టి ఎండకి పొడిగానే కనిపించేది. ఆ నేల గుణమేదో తేడాగా ఉందనుకున్నాను తప్ప, ఇంకో ఆలోచన నా బుర్రకి తట్టలేదు.

కోతలయ్యాయి. తూకాలు లెక్కలాయన చూశారు. మా కేంద్రంలో ప్రతి పరిశోధన ఫలితాన్నీ లెక్కకట్టి తేల్చేది ఆయనే. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు. కళ్ళజోడు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"రెండూ సమానంగా వచ్చాయమ్మా."

"సమానం అంటే?"

"సమానం అంటే ఓడినట్టే. చేతిలో ఉన్న రకం మానేసి కొత్తది వెయ్యమని రైతుకి చెప్పాలంటే కొత్తది మెరుగ్గా ఉండాలి కదా. ఆ మూల మడి ఒక్కటే దొర పరువు నిలబెట్టింది," అన్నారు. ఆ పేరు ఆయనకి కూడా అలవాటైపోయింది.

ఇంటికెళ్ళాక అన్నం కలిపానే గానీ ముద్ద దిగలేదు. మా ఆయన, అత్తయ్య, మామయ్య ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేశాను.

"నా రకం ఓడిపోయింది. ఇక కోల్డ్ రూమే."

"అదెలా?" మామయ్య నిజంగానే ఆశ్చర్యపోయారు. "మూల మడి విరగకాసిందిగా!"

"అదే మామయ్యా నా కొంప ముంచింది."

"నీది కదా అది?"

"నాదెందుకవుతుంది? అది దొర."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి రోజూ దాని దగ్గరే నిలబడేదానివిగా? తల్లి జబ్బుపడిన పిల్ల దగ్గరే కదా ఎక్కువసేపు కూర్చునేది. అందుకని నేను..."

తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నారు. అత్తయ్యకి అనుమానం వచ్చింది. "అందుకని మీరు? ఏం వెలగబెట్టారు?"

"గది బయట చేతులు కడుక్కునే బకెట్ ఉంటుంది కదా," అన్నారు మామయ్య, కంచానికి చెప్తున్నట్టు. "అమ్మాయి తింటున్నప్పుడు... రోజూ... ఒక బకెట్."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ నా కష్టాన్ని ఈ మనిషి ఒక ప్లాస్టిక్ బకెట్‌తో ముంచేశాడని అరవబోయాను. ఈలోపు మా ఆయన గట్టిగా నిట్టూర్చారు.

"నాన్నా! కోడలికి కాపీ అందించడానికి వెళ్ళి పక్కవాడికి అందించి వచ్చావా!"

అత్తయ్యకి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కోపం నిలబెట్టుకుందామని చాలా ప్రయత్నించాను, నావల్ల కాలేదు. ఏడుస్తూనే నవ్వాను. మామయ్య మాత్రం నవ్వలేదు.

"నువ్వు ఒప్పుకోవని తెలుసమ్మా. కానీ నువ్వు ఓడిపోతే నేను చూడలేను," అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక నా కోసం దొంగపని చేసిన మనిషి ఇంకెవరూ లేరు. ఆ మాట ఆయనతో అనలేదు గానీ, ఆ క్షణంలో నా కోపం మొత్తం పోయింది.

పోయిన కోపం స్థానంలో భయం వచ్చి కూర్చుంది. బయటివాళ్ళు చెయ్యి పెట్టారని తెలిస్తే పంట మొత్తాన్నే రద్దు చేసెయ్యొచ్చు. అప్పుడు గెలుపూ లేదు, ఓటమీ లేదు, ఇంత ఖర్చుతో మళ్ళీ పెట్టనివ్వరు. నోరు మూసుకుంటే మొండిది ఎలాగూ కోల్డ్ రూమ్‌కే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"నేనే వచ్చి చెప్తాను," అన్నారు మామయ్య.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని, నాతోపాటు మీటింగు గదిలోకి వచ్చారు. బల్లకి అవతల మా కేంద్రం అధికారిణి పెద్ద మేడమ్, ఆవిడ పక్కన లెక్కలాయన. మామయ్య చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

"మేడమ్, టికెట్ లేని ప్రయాణికుణ్ణి నేనే ఎక్కించాను. అమ్మాయికి ఏమీ తెలీదు."

ఆ తర్వాత బకెట్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పారు. పెద్ద మేడమ్ పెదవి కొరుక్కుంటూ విన్నారు.

"కంచే చేను మేసిందని విన్నాం," అన్నారు లెక్కలాయన. "కంచే చేనుకి నీళ్ళు పోయడం ఇదే చూడటం. సరే, మూల మడికి పోశారు. మిగతావాటికి పోయలేదని ఏమిటి రుజువు? ఇంటి మనిషి సాక్ష్యం చెల్లదు."

ఆ మాట న్యాయమైనదే. ఆయనే మళ్ళీ అన్నారు, "మీటర్లు తవ్వి తీయించండి. ఎలాగూ తీయాలిగా."

ప్రతి మడిలోనూ వేళ్ళ దగ్గర తేమ కొలిచే మీటరు ఒకటి పాతిపెట్టి ఉంటుంది. నేలలో తడి ఎంతుందో గంట గంటకీ అదే నమోదు చేసుకుంటుంది. పంట అయిపోయాకే దాన్ని తెరుస్తాం. మట్టి దులిపి ఒక్కొక్కటే కంప్యూటరుకి తగిలించారు. తెర మీద ఒక్కో మడికి ఒక్కో గీత వచ్చింది. అన్నీ ఒకేలా, కొండ దిగుతున్నట్టు నెమ్మదిగా కిందికి జారుతున్నాయి. ఎక్కడా ఒక్క కుదుపు లేదు. చివరికి మూల మడి గీత వచ్చింది. అది మధ్యదాకా బుద్ధిగా దిగి, అక్కణ్ణించి రంపం పళ్ళలా లేచి పడి, లేచి పడి సాగింది. లేచిన ప్రతిసారీ టైము మధ్యాహ్న భోజనమే. ఆదివారాల్లో పన్ను లేదు.

లెక్కలాయన తెరకి మొహం ఆనించి చూశారు. "ఇక్కడ ఒక బుధవారం కూడా లేదే. ఆ రోజు పోయలేదా?"

మామయ్య కాసేపు ఆలోచించి దవడ పట్టుకున్నారు. "ఆ రోజు పన్ను పీకించుకున్నానండీ. క్యారేజీ మా అబ్బాయి తెచ్చాడు."

లెక్కలాయన భుజాలు కదిలాయి. మొదట దగ్గనుకున్నాం. నవ్వు! కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పక్క గదిలోంచి ఇద్దరు వచ్చి తొంగి చూశారు.

"నా సర్వీసులో ఇంత నిజాయితీగల దొంగని చూడలేదు," అన్నారు. "మేడమ్, కారణం తెలిసి, రుజువు దొరికితే పాడైన మడిని లెక్కలోంచి తీసెయ్యొచ్చు. మన నిబంధనల్లోనే ఉంది. మిగతా మడులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి."

"తీసేసి చూడండి," అన్నారు పెద్ద మేడమ్.

ఆయన మూల మడిని తీసేశారు. మళ్ళీ లెక్క కట్టారు. నేను తెర వైపు చూడలేక మామయ్య చొక్కా చెయ్యి పట్టుకున్నాను. ఆయన కూడా కళ్ళు మూసుకుని ఉన్నారని తర్వాత తెలిసింది.

"మొండిది గెలిచింది," అన్నారు లెక్కలాయన. "మామూలుగా కాదు. దొర కన్నా మూడో వంతు ఎక్కువ."

నేను కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాను. పెద్ద మేడమ్ కాగితం మీద సంతకం పెట్టి కలం మూత పెట్టారు. "షెడ్డుకి తాళం వేయించండి. ఈయనకి టీ చెప్పండి," అన్నారు.

మేం ఇల్లు చేరేసరికి అత్తయ్య ద్వారా వీధంతా తెలిసిపోయింది. ఎదురింటావిడ వచ్చి, మీ మామగారు ఏదో శనగ కనిపెట్టారటగా అని నన్ను అభినందించింది. నేను అవునన్నాను.

రైతులకి ఇవ్వాలంటే ముందు విత్తనం పెంచాలి. తర్వాతి పంటకి బయట పొలంలో మొండిదాన్ని వేశాం. విత్తనానికి వేసిన పంటకి పరీక్షలుండవు. నేల తడిసేలా తడి పెట్టొచ్చు, గింజ నిండుగా కట్టాలి కాబట్టి పెట్టాలి కూడా. మొదటి తడి రోజున మామయ్యని నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. సాళ్ళ నిండా బెత్తెడు మొక్కలు. పైపు వాల్వు దగ్గర ఆయన్ని నిలబెట్టాను.

"తిప్పండి మామయ్యా."

ఆయన వాల్వు మీద రెండు చేతులూ వేశారు గానీ తిప్పలేదు. మొక్కల వంకే చూస్తున్నారు.

"షెడ్డులో వీటి పక్కనుంచే రోజూ బకెట్ పట్టుకుని నడిచి వెళ్ళానమ్మా. ఒక్క చుక్క కూడా పొయ్యలేదు."

"అందుకే కదా గెలిచాయి."

"అయినా సరే," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, చాలా గంభీరంగా అడిగారు. "ఇవి నీవేనా?"

"నావే మామయ్యా."

"ఖాయమేనా? ఒకసారి మళ్ళీ చూసి చెప్పు."

నేను చెప్పులు విడిచి చేలోకి దిగాను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిచి, వంగి ఆకులు చూసి, అవతల నుంచి రెండు చేతులూ ఊపుతూ అరిచాను.

"అన్నీ నావే!"

ఆయన వాల్వు తిప్పడం మొదలుపెట్టారు. ఇంక తిరగనంత దాకా తిప్పారు.